కోలారు సీమలో తెలుగు జానపద చలనచిత్రములు – ప్రేక్షకుల అపేక్షలు

కళాచరిత్రలు వ్రాయువారు సాధారణముగా కళను సృజించినవారి చరిత్రనే వ్రాయుదురు. నాటకచరిత్ర యనగా నాటకకర్తల యొక్కయు నటుల యొక్కయు చరిత్ర. చలనచిత్ర చరిత్ర యనగా నిర్మాతల, దర్శకుల, తారల చరిత్ర. టిక్కెట్టు కొని నేలపై కూర్చుండి చిత్రమును చూచినవానికి ఆ గ్రంథములలో చోటు మిక్కిలి తక్కువ. అందులోను తక్కువ పెట్టుబడితో తీసిన కత్తియుద్ధముల చిత్రములను, మాంత్రికుల చిత్రములను మెచ్చినవాడు చరిత్రకారుని దృష్టికి ఆనడు. ఆ చిత్రములను పామరరంజకములని ఒక్క మాటతో త్రోసివేయుట విద్యావంతులకు అలవాటైనది.

అయితే ఆ పామరుడు ఏమి కోరి ఆ చిత్రమునకు వచ్చెను? వచ్చినవాడు ఎప్పుడు తృప్తుడై వెడలెను, ఎప్పుడు కోపించెను? కోలారు బంగారుగనుల పట్టణమునకును, దానిచుట్టును గల తెలుగు పల్లెలకును ఈ ప్రశ్నలు వినోదమునకు సంబంధించినవి మాత్రమే కావు. బడిలో తెలుగు లేని చోట, కచ్చేరిలో తెలుగు లేని చోట, తెలుగుమాట ఏ దారిన నిలిచెననునది ఇందులో ఇమిడియున్నది. ఆ విషయమును విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు జానపదమను మాటను శాస్త్రార్థమున గాక, రాజులు, మాంత్రికులు, శపథములు గల కల్పితకథలకు సినీలోకము పెట్టుకొన్న పేరుగా గ్రహింపవలెను.

1. సీమ, జనము, భాష

కోలారు సీమ మూడు భాషల కూడలి. తూర్పున పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతములు, ఉత్తరమున అనంతపుర సీమ, దక్షిణమున తమిళదేశము. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాలలోను, 2007లో చిక్కబళ్లాపురము జిల్లాగా విడిపోయిన చింతామణి, బాగేపల్లి తాలూకాలలోను తెలుగు ఇంటిమాటగా గల పల్లెలు అసంఖ్యాకములు. కైవారమున వెలసిన నారాయణ యోగి తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడినాడన్న ఒక్క విషయమే ఈ సీమ స్వభావమును తెలుపుటకు చాలును.

1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము తన నివేదికను సమర్పించినపుడు కోలారు జిల్లా జనులలో సగమునకు మించి తెలుగువారే యుండిరి. అయినను ఆ జిల్లా మైసూరు రాష్ట్రమునందే యుండవలెనని సంఘము నిర్ణయించెను. 1956 నవంబరు 1న రాష్ట్రములు ఏర్పడినవి. కోలారు మైసూరునందే నిలిచెను. ఆ నిర్ణయమునందలి మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతములు కావు. దాని ఫలితము మాత్రము గమనింపదగినది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, గనిలో తమిళము, గని అధికారుల యొద్ద ఆంగ్లము, ఇది అనేక కుటుంబముల నిత్యజీవితమైనది. తెలుగు మాధ్యమ పాఠశాలలు కొన్ని నడచినను, వానికి అందనివారే ఎక్కువ.

బంగారుగనుల పట్టణము ఈ సీమలో వేఱొక లోకము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్లసంస్థ గనుల నిర్వహణమును చేపట్టిన పిమ్మట ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలము ప్రాంతముల నుండి కూలిజనము తండోపతండములుగా వచ్చి చేరెను. తమిళులు అధికులు, తెలుగువారును గణనీయముగా నుండిరి. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట నుండి రైలు వచ్చెను. 1902లో శివసముద్రమునుండి కావేరి విద్యుత్తు గనులకు చేరెను. బెంగళూరు నగరమునకు విద్యుద్దీపములు వచ్చినది 1905లో. రాజధానికంటె ముందు కరెంటు చూచిన ఊరు ఇది. కరెంటు, నెలజీతము, పాళ్ల చొప్పున పని, పని ముగిసిన పిమ్మట చేతిలో మిగిలిన గంటలు, ఇవన్నియు ఒకచోట కూడిన ఊరికి సినిమా సహజముగానే వచ్చి స్థిరపడును. చుట్టుపల్లెలకు డేరాలలో ఆడు టూరింగు టాకీసులు సినిమాను మోసికొనిపోయినవి.

2. తెరకు ముందటి కథలు

జానపద చిత్రములు ప్రేక్షకునికి కొత్త కోరికలను నేర్పలేదు. అతని యొద్ద అప్పటికే యున్న కోరికలను అవి తీర్చినవి. సప్తసముద్రముల ఆవల చిలుకలో ప్రాణము దాచుకొన్న మాంత్రికుడు, చెఱలో పడిన రాజకుమారి, తల్లిని వెదకికొనుచు పోవు బాలుడు – ఇవన్నియు బాలనాగమ్మ కథలో పల్లెజనము ఎఱిగినవే. బుఱ్ఱకథలుగా, తోలుబొమ్మలాటలుగా, వీథినాటకములుగా ఇట్టి కథలు సరిహద్దు పల్లెలలో తిరుగుచుండెను. చదువుకొన్నవారికి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలుండెను. 1947 జూలైలో తెలుగునను తమిళమునను ఆరంభమైన చందమామ మాసపత్రిక పిల్లలకు అట్టి కథలనే బొమ్మలతో చెప్పెను. 1954 మొదలు ఆ పత్రికలో శ్రీ దాసరి సుబ్రహ్మణ్యము గారు తోకచుక్క మొదలైన ధారావాహికలలో వింతద్వీపములను, మంత్రగాండ్రను, సాహసికులను కల్పించిరి.

1942లో జెమినీవారి బాలనాగమ్మ ఘనవిజయము పొందెను. కాంచనమాల బాలనాగమ్మగాను, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగాను నటించిరి. 1951లో విజయావారి పాతాళభైరవి వచ్చెను. శ్రీ కె. వి. రెడ్డి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము, రామారావు తోటరాముడు, రంగారావు నేపాళ మాంత్రికుడు. ఆ మాంత్రికుని నోట వెలువడిన డింభకుడను సంస్కృతపదము పల్లెలలోని పశువుల కాపరులకు సైతము పరిచితమైనదన్నచో, నిఘంటువు చేయలేని పనిని ఒక చిత్రము చేసినదని చెప్పవలెను. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దక్షిణదేశము నుండి ప్రదర్శితమైన చిత్రము అదియే.

అయితే పాతాళభైరవి గొప్ప పెట్టుబడితో, గొప్ప శిల్పులతో నిర్మితమైనది. ఏటేట అట్టి చిత్రము రాదు. ప్రేక్షకునికి మాత్రము ఏటేట, నెలనెల అట్టి కథ కావలెను. ఈ రెంటి నడుమ నున్న లోటును పూరించుటకు పుట్టినదే పొదుపు జానపదము.

3. డేరానుండి వచ్చిన దర్శకుడు

ఈ విభాగమునకు నాయకుడు శ్రీ బి. విఠలాచార్య. ఆయన పుట్టుకచే తెలుగువాడు కాడు. 1920లో ఉడుపి సమీపమునగల ఉద్యావరమున జన్మించెను. బాల్యముననే ఇల్లు విడిచి, అరసీకెరె చేరి, అక్కడ ఫలహారశాల నడపి, మిత్రులతో కలిసి టూరింగు టాకీసు పెట్టెను. అటుపిమ్మట శ్రీ డి. శంకరసింగు గారితో కూడి మైసూరులో మహాత్మా పిక్చర్సు సంస్థను నడపెను. ఆ సంస్థ కన్నడమున నాగకన్నిక (1949), జగన్మోహిని (1951) వంటి చిత్రములను నిర్మించెను. 1953లో విఠల్ ప్రొడక్షన్సు అను స్వంతసంస్థను స్థాపించి, తరువాత మద్రాసు చేరి తెలుగు చిత్రములకు పూనుకొనెను.

ఈ జీవితక్రమమున చరిత్రకారుడు ముఖ్యముగా గుర్తింపవలసినది ఒకటి కలదు. విఠలాచార్య చిత్రము తీయుటకు ముందే చిత్రమును ఆడించినవాడు. డేరాలో నేల టిక్కెట్టువాడు ఏ ఘట్టమున లేచి నిలిచి ఈల వేయునో, ఏ ఘట్టమున బీడీ ముట్టించుకొనుటకు వెలుపలికి పోవునో కన్నులార చూచినవాడు. ఇతర దర్శకులు ప్రేక్షకుని ఊహించిరి. ఈయన వానికి టిక్కెట్టు అమ్మెను. కావుననే ఆయన చిత్రములు ప్రేక్షకుల అపేక్షలకు అద్దమువంటివి.

జయవిజయ (1959), కనకదుర్గ పూజామహిమ (1960), వరలక్ష్మీవ్రతము (1961), మదనకామరాజు కథ (1962), గురువును మించిన శిష్యుడు (1963), నవగ్రహ పూజామహిమ (1964), జ్వాలాద్వీప రహస్యము (1965) వరుసగా వెలువడినవి. పెక్కింట నాయకుడు కాంతారావు, ప్రతినాయకుడు రాజనాల. ఈ యిద్దరు హెచ్. ఎం. రెడ్డి గారి ప్రతిజ్ఞ (1953) నాటినుండియు తెరపై కత్తులు దూసినవారే. 1963లో రామారావు నాయకుడుగా బందిపోటు వచ్చెను. దానికి త్రిపురనేని మహారథి మాటలు వ్రాసెను. 1964లో అగ్గిపిడుగు వచ్చెను. దానికి స్వరములు కూర్చిన రాజన్–నాగేంద్ర సోదరులు మైసూరువారు.

బందిపోటు కథయే అదే సంవత్సరము కన్నడమున వీరకేసరిగా రాజకుమార్ నాయకుడుగా వచ్చెను, దర్శకుడు విఠలాచార్యయే. ఇరుగు పొరుగున తెలుగు, కన్నడము మాటలాడుకొను కోలారు సీమకు ఇది విశేషమైన సందర్భము. ఒకే కథను రెండు భాషలలో, ఇరువురు మహానటుల రూపమున చూచి పోల్చుకొను అవకాశము ఇతర ప్రాంతముల తెలుగువారికి అంత సులభముగా దొరకలేదు.

మఱియొక కారణమును ఇక్కడ చెప్పవలెను. కన్నడదేశమున 1960వ దశకమునుండి పరభాషా చిత్రములను కన్నడమునకు అనువదించి ఆడించు పద్ధతి, కన్నడాభిమానుల ఉద్యమముచే, దాదాపు నిలిచిపోయెను. కన్నడ పరిశ్రమను కాపాడుటకు తలపెట్టిన ఆ కట్టడి, తలపని ఫలమునొకదానిని ఇచ్చెను. బెంగళూరు గాంధీనగరపు పంపిణీదారులయొద్ద నుండి కోలారునకు వచ్చిన తెలుగు చిత్రము తెలుగుమాటతోనే వచ్చెను.

4. ప్రేక్షకుడు కోరినదేమి

ఈ చిత్రములను వరుసగా పరిశీలించినచో ప్రేక్షకుని అపేక్షలు కొన్ని స్పష్టముగా ఏర్పడును. ఒక చిత్రమున మెచ్చబడినదానిని మఱుసటి చిత్రము విడువదు. మెచ్చబడనిది మరల కనబడదు. ఇట్లు చిత్రముల పరంపరయే ప్రేక్షకుల తీర్పుల పరంపర యగును.

మొదటిది శపథము. కథారంభమున నాయకుడు గాని నాయిక గాని ఒక మాట ఇయ్యవలెను. తల్లికి, గురువునకు, చనిపోవుచున్న తండ్రికి ఇచ్చిన ఆ మాట కథ ముగియులోపల నెఱవేఱవలెను. మంగమ్మశపథము (1965) వంటి చిత్రమునకు పేరే శపథమైనది. నడుమ ఎన్ని మలుపులు తిరిగినను ప్రేక్షకుడు ఓర్చుకొనును. మాట తప్పుట మాత్రము ఓర్వడు.

రెండవది కత్తియుద్ధము. అది నిజముగా జరుగవలెను. కోటగోడ అట్టముక్కతో చేసినదని తెలిసినను ప్రేక్షకుడు ఏమియు అనడు; కాంతారావు మెట్లమీదినుండి దుమికినపుడు ఆ దుముకు నిజమై యుండవలెను. కత్తి కాంతారావు అన్న బిరుదు పండితసభలో ఇచ్చినది కాదు. నేల తరగతివారు ఇచ్చినది.

మూడవది మాయ. మనిషి మేకయగుట, చిలుక మనిషియగుట, పుఱ్ఱె మాటలాడుట, గాలిలో ఖడ్గము తేలుట. వీనికి వాడిన ఉపాయములు సులభమైనవి. యంత్రమును నిలిపి, మనిషిని తప్పించి, మేకను నిలిపి, మరల యంత్రమును త్రిప్పినచో మనిషి మేక యగును. ఒకే ఫిలిముపై రెండుమారులు చిత్రించినచో గోడగుండ నడచు దయ్యము లభించును. సన్నని తీగ కట్టినచో ఖడ్గము తేలును. తెర సమీపమున కూర్చున్నవానికి తీగ కనబడకపోదు. అయినను వాడు నొచ్చుకొనడు. తోలుబొమ్మలాటలో బొమ్మవెనుక కఱ్ఱను, హరికథలో దాసుగారి చిడతలను ఎఱిగినవాడే తెరపై తీగను చూచుచున్నాడు. ఆట అని తెలిసి ఆనందించుట మన ప్రదర్శనకళలకు పాతమర్యాద. వాని అపేక్ష ఒక్కటే: క్రిందటి చిత్రములో చూపిన మాయను ఈ చిత్రములో ఒక మెట్టు ఎక్కించి చూపవలెను.

నాల్గవది మాట. ఇది మిక్కిలి ముఖ్యము. రాజు రాజువలె, మాంత్రికుడు మాంత్రికునివలె మాటలాడవలెను. ఇంటిలో ఆడ, ఈడ అని వ్యవహరించు కోలారు తెలుగువాడు తెరపై ప్రభూ, మహామంత్రీ, ఏమి నీ దుస్సాహసము అను ధోరణినే కోరెను. తన పలుకునే తెరపై వినవలెనని వాడు కోరలేదు. తనకు దూరమైన నిండుతెలుగును వినవలెనని కోరెను.

ఐదవది హాస్యగాడు, ఆఱవది దుష్టశిక్షణ. మాంత్రికుడు కాళికకు బలియియ్యదలచిన నాయకుని చేతనే, ఆ బలిపీఠముననే, తాను కూలవలెను. ప్రతినాయకుని చావు ఎంత ఆలస్యమైనను, అది కనబడకుండ చెప్పబడరాదు, తెరపై చూపబడవలెను.

వీనిలో ఏదియు అధికవ్యయమును కోరదు. శపథమునకు వెల లేదు. పలుకునకు వెల రచయిత కలము. దుముకునకు వెల నటుని మోకాలు. ఖరీదైనవి దుస్తులు, కోటలు, సైన్యములు. విఠలాచార్య వానినే కుదించెను. ఒక సెట్టునకు రంగు మార్చి, తెరలు మార్చి, వేఱొక చిత్రమున మరల వాడుట ఆయన పొదుపులలో ఒకటి. వేళకు రాని నటుని పాత్రను మునిశాపముచే చిలుకగానో మేకగానో మార్చి చిత్రీకరణమును సాగించునన్న కథ సినీలోకమున విస్తారముగా వాడుకలో నున్నది. ఆ కథ సత్యమైనను చమత్కారమైనను, దానిలో నొక న్యాయము గలదు. మేకగా మారుట ప్రేక్షకుడు కోరినదే. నటుడు రాకుండుట నిర్మాత కష్టము. రెండును ఒక్క ఉపాయముతో తీరినవి.

ఇతరదేశములలోను ఈ ధర్మమే కనబడును. 1940లో ఇంగ్లండువారి బాగ్దాదు దొంగ చిత్రమున నటించిన సాబు మైసూరు సీమలోని మావటివాని కుమారుడు. 1956లో బొంబాయి హోమీ వాడియా హాతింతాయిని, 1958లో ఇటలీవారు హెర్క్యులీసును తీసిరి. తమిళమున ఎం. జి. రామచంద్రన్ గారి మర్మయోగి (1951), అలీబాబా (1956), నాడోడి మన్నన్ (1958) వచ్చినవి. ఇట్లు దేశదేశముల ప్రేక్షకులు ఒకే కాలమున ఖడ్గమును, మాయను, న్యాయమును కోరిరి. కోలారు గనుల ఊరిలో తమిళుని అపేక్షయు తెలుగువాని అపేక్షయు సమీపములే.

5. పాటల పుస్తకము

చిత్రశాల ద్వారమునొద్ద చౌకధరకు అమ్ముడైన పాటల పుస్తకమునకు సాహిత్యచరిత్రలలో స్థానము లేదు. ముతక కాగితము, ముఖపత్రముపై కత్తి దూసిన నాయకుడు, లోపల తారాగణము, పాటలు, కథాసంగ్రహము. కథను సగము చెప్పి, మిగిలినది వెండితెరపై చూడుడని ముగించుట ఆ పుస్తకముల సంప్రదాయము.

కోలారు సీమలో ఈ పుస్తకమునకు వేఱొక ప్రయోజనము గలదు. కన్నడ తెలుగు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. గ, జ, డ, న, బ, ర, ల మొదలైన అక్షరములు రెండింటను దాదాపు ఒకే రూపమున నుండును. త, శ వంటి కొన్నిటిని, తలకట్టు తేడాను గుర్తించినచో కన్నడము చదువనేర్చినవానికి తెలుగు పంక్తి చాలవఱకు లొంగును. పాట అప్పటికే నోటికి వచ్చియున్నప్పుడు ఆ పని మఱింత సులభము. తెలిసిన మాటను తెలియని అక్షరములలో చూచుటయే చదువు నేర్చుటకు ఉత్తమమైన మార్గమని ఉపాధ్యాయులందఱు ఎఱుగుదురు. చెవికి తెలిసిన పాట, కంటికి కొంచెము తెలిసిన లిపి – ఈ రెండును కలిసినచోట తెలుగు బడి లేకయే తెలుగు పాఠము సాధ్యమగును. కన్నడబడిలో చదివిన తెలుగు పిల్లవానికి ఆ ముతక పుస్తకము మొదటి తెలుగు వాచకము కాగల స్థితి అక్కడ నుండెను.

పండితుడు ఈ పుస్తకములను సాహిత్యమని అంగీకరింపనక్కఱలేదు. కాని పెద్దబాలశిక్ష లేని యింట అక్షరము ఏ రూపమున వచ్చినను అది అక్షరమే. జానపద చిత్రముల పలుకు కొంత గ్రాంథికము, కొంత వ్యవహారము కలిసినది. అట్టి పలుకునకు అలవాటుపడిన చెవి, తరువాత పురాణమును విన్నను పద్యమును విన్నను బెదరదు.

6. నిజమైన పాతాళము

బంగారుగనుల ప్రేక్షకుని గూర్చి చెప్పునపుడు ఒక విషయమును విడువరాదు. జానపద కథలలో పాతాళమున్నది, అందు నిధి యున్నది, నిధిని కాచు భూతమున్నది. ఇతర ప్రాంతములవారికి అది కేవలకల్పన. కోలారు కార్మికునకు దినదినము దిగి యెక్కు చోటు అది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయెను. లోకములోని మిక్కిలి లోతైన గనులలో నొకటిగా పేరుపొందెను. అట్టడుగున రాతివేడి అఱువది సెంటీగ్రేడు డిగ్రీలను దాటును. ఒత్తిడిచే రాయి ఒక్కసారిగా పగిలి మీదపడు ప్రమాదము, దానిని రాక్ బరస్టు అందురు, ఈ గనులలో తఱచు. ఊపిరితిత్తులను రాతిదుమ్ము తినివేయు వ్యాధి వేఱొక భూతము. అచట నిధియు నిజమే. తీసినవానికి మాత్రము అది దక్కదు.

ఇట్టి ఊరిలో అట్టలతో కట్టిన పాతాళగుహను, రంగుకాగితపు నిప్పులను చూచి ప్రేక్షకుడు నవ్వియుండవలసినది. నవ్వలేదు, తండోపతండములుగా వచ్చెను. దీనికి కారణమును ఊహింపవచ్చును. జానపద కథలో పాతాళమునకు దిగినవాడు తప్పక పైకి వచ్చును. తనతో నిధిని కూడ తెచ్చును. తల్లి చేతిలో పెట్టును. భూతము ఎంత బలమైనదైనను దాని ప్రాణము ఒకచోట నుండును, ఆ చోటు తెలిసినచో దానిని గెలువవచ్చును. గనిలోని భూతమునకు అట్టి చిలుక లేదు. పైకి వచ్చెదనని ఇంట చెప్పి దిగినవాడు ఆ మాట నిలుపుకొనునో లేదో ఎవరును చెప్పలేరు. కావుననే నాయకుడు మాట తప్పరాదన్న అపేక్ష ఇతర చోట్ల వేడుక. ఇక్కడ దాదాపు ప్రార్థన. కోటగోడ అట్టముక్కయని తెలిసినను క్షమించిన ఆ ప్రేక్షకుడు, ఈ ఒక్క విషయమున క్షమింపకుండుట సహజము.

7. క్షీణదశ

1970 దాటిన పిమ్మట సాంఘిక చిత్రములు తెలుగుతెరను ఆక్రమించెను. రంగుల చిత్రములు వచ్చుటతో వ్యయము పెరిగెను; నలుపు తెలుపులలో చెల్లిన అట్టకోట రంగులలో చెల్లలేదు. కత్తివీరులకు పని తగ్గెను. విఠలాచార్య మాత్రము 1978లో తన పాత కన్నడ జగన్మోహిని కథను తెలుగున రంగులలో తీసి మరల విజయము పొందెను. నరసింహరాజు, జయమాలిని, ప్రభ అందు నటించిరి. కట్టెలకు మారుగా తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంటచేయు దయ్యము పిల్లలకు నవ్వును భయమును ఒక్కసారి కలిగించెను. గంధర్వకన్య (1979), మదనమంజరి (1980) వచ్చినవి. 1999 మే 28న విఠలాచార్య కాలధర్మము చెందెను. కాంతారావు 2009లో దివంగతుడయ్యెను.

గనుల కథయు సమాంతరముగా నడచెను. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్రప్రభుత్వము గనులను స్వాధీనపఱచుకొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. బంగారము తఱుగుచు, ఖర్చు పెరుగుచు వచ్చెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పని పోయిన జనము దినదినము రైలెక్కి బెంగళూరు పోవుచు వచ్చుచు బ్రదుకుట నేర్చెను. సాయంకాలపు ఆటకు తీరిక గల ఊరు మారిపోయెను. టెలివిజను ఇంటింటికి వచ్చిన పిమ్మట పాత జానపదములు అందే కనబడసాగెను.

2015లోను 2017లోను బాహుబలి చిత్రములు మహావ్యయముతో వచ్చి లోకమును ఆకర్షించినవి. 2018లో ఈ ఊరి పేరే పెట్టుకొని కన్నడమున కె.జి.ఎఫ్. అను చిత్రము వచ్చి తెలుగున కూడ ఆడెను; 2022లో రెండవ భాగము వచ్చెను. గనుల మట్టితో ఏర్పడిన సైనైడు దిబ్బల నడుమ దానిని చిత్రించిరి. ఊరి నిజచరిత్రకును ఆ కథకును సంబంధము స్వల్పము. అయినను దాని మూలమును వెదకినచో కనబడునది పాత వస్తువే: చనిపోవుచున్న తల్లికి కుమారుడిచ్చిన మాట, పాతాళమువంటి గని, అందు బందీలైన జనము, ఒక్కడు చేయు యుద్ధము. పెట్టుబడి వందరెట్లు పెరిగినను ప్రేక్షకుని అపేక్ష మారలేదు. అట్టకోటల కాలమున నేల తరగతివాడు వ్రాసిన నిబంధనలకే నేటి మహాచిత్రమును లోబడియున్నది.

8. ఉపసంహారము

పైన చెప్పినదానినుండి మూడు విషయములు తేలుచున్నవి. ఒకటి: పొదుపు జానపదములను మెచ్చిన ప్రేక్షకుడు అవివేకి కాడు. దేనిని క్షమింపవలెనో, దేనిని క్షమింపరాదో వానికి స్పష్టమైన నియమములుండెను. పేదరికమును క్షమించెను; మాట తప్పుటను క్షమింపలేదు. రెండు: కోలారు సీమలో ఆ చిత్రములు తెలుగునకు చెవిద్వారమున ఒక బడిగా ఉపకరించినవి. మూడు: ఆ బడి ఆనవాళ్లు వేగముగా నశించుచున్నవి.

పాటల పుస్తకములు చెదలు పట్టినవి. గోడపత్రములు మిగులలేదు. డేరాలలో యంత్రము త్రిప్పినవారు, ద్వారమున టిక్కెట్టు చింపినవారు, నేలపై కూర్చుండి ఈలలు వేసినవారు వృద్ధులైరి, కొందఱు గతించిరి. శాసనములను సేకరించునట్లు, తాళపత్రములను సేకరించునట్లు వీనిని కూడ సేకరింపవలసియున్నది. ముళబాగిలులో, బంగారుపేటలో, రాబర్టుసన్ పేటలో, ఆండర్సన్ పేటలో పాతపెట్టెలలో నున్న పాటల పుస్తకములను తెలుగు సంఘములు ఒకచోట చేర్చుట గొప్ప వ్యయముతో కూడినది కాదు. వృద్ధులు చెప్పునది వ్రాసికొనుటకు ఒక పుస్తకము, ఒక కలము చాలును.

చిన్న పెట్టుబడితో పెద్ద పని చేయవచ్చునని నిరూపించిన చిత్రముల చరిత్రను కాపాడుటకు చిన్న పెట్టుబడి చాలుననుట సముచితమే. సగము కథ చెప్పి మిగిలినది తెరపై చూడుడని ఆ పుస్తకములు ముగిసెడివి. ఇప్పుడు తెరలు మూతపడినవి. మిగిలిన సగమును చెప్పగలవారు ఇంకను కొందఱున్నారు. వారు ఉన్నంతలోనే అడిగి వ్రాసికొనవలెను.